నాయిన అడిగిన సల్ల

ఈ ఎండాకాలం నేను చేసిన సల్లలో ఎక్కువ భాగం మురుగు మోరీలోకే పోయింది. మజ్జిగ అని రాయాలని నాకూ తెలుసు. తెలుగు మీడియం బడిలో ఏళ్ల తరబడి పిల్లలచేత అలాగే రాయించాను. కానీ మా షోలాపూర్ తెలుగు ఇళ్లల్లో మజ్జిగ పుస్తకంలో ఉంటుంది, గ్లాసులో ఉండేది సల్ల. గడప దాటి మరాఠీ వాళ్లతో మాట్లాడేటప్పుడు అదే తాక్ అవుతుంది. పేరేదైతేనేం, హోలీ వెళ్లిన దగ్గర్నుంచి మా నాయిన దాని కోసం పట్టిన పట్టు చూస్తే, ఎనభై దాటి, లేచి కూర్చోవడానికే ఆసరా కావలసిన మనిషిలో ఇంత మొండితనం ఎక్కడ దాక్కుందా అని ఆశ్చర్యం వేసింది. ఆశ్చర్యం కొన్నాళ్లే. తర్వాత మిగిలిందంతా విసుగే.

ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. భవాని పేట్‌లో మా తమ్ముడింట్లో, ముందు గదిలో, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. జొన్నరొట్టె పాలలో మెదిపి పెడితే వద్దనేవాడు. పెసరకట్టు వద్దు, గంజి వద్దు. డాక్టర్ రాసిచ్చిన బలం పొడి నీళ్లలో కలిపిస్తే గ్లాసులోకి తొంగిచూసి, "గిదేంది, గోడకేసే సున్నమా?" అన్నాడు. మరేం కావాలో చెప్పమంటే ఒకటే మాట, సల్ల. తమ్ముడు దుకాణం నుంచి మసాలా తాక్ పాకెట్లు తెచ్చి ఫ్రిజ్ నింపాడు. ఒక్క గుక్క నోట్లోకి తీసుకుని, పుక్కిలించి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేశాడు. మా మరదలు సుజాత ఇంట్లో తోడుపెట్టిన పెరుగు మిక్సీలో వేసి తిప్పి, కొత్తిమీర సన్నగా తరిగి చల్లి ఇచ్చింది. "నురుగు తాగి బతకుమంటవా బిడ్డా?" అని గ్లాసు పక్కకు జరిపాడు. ఆ పిల్ల వంటగదిలోకి వెళ్లి గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

నేనుండేది జోడ్‌భావి పేట్‌లో. పెద్ద దూరం కాదు గానీ ఏప్రిల్ ఎండలో నెత్తిన కొంగు కప్పుకుని నడిచి వెళ్తే ఆ కాస్త దూరమే మనిషిని వేపేస్తుంది. రోజూ వెళ్లాను. రోజూ చేశాను. అటక మీది నుంచి పాత కవ్వం దింపించి, పుచ్చు పట్టిన కొన చెక్కించి, మిక్సీ మాటే లేకుండా చేత్తో చిలికాను. జీలకర్ర వేయించి దంచాను. రుచి చూడగానే తల అడ్డంగా ఊపేవాడు.

"ఇది గాదు."

"ఏం తక్కువైంది నాయినా? ఉప్పా?"

"ఉప్పు గాదు."

"అల్లమా? జీలకర్రనా?"

"ఏదీ తక్కువ గాలే. ఇది గాదు, గంతే."

"మరి ఎట్లుండాలె? చెప్తేనే కదా చేసేది!"

తిరుగుతున్న ఫ్యాన్ వంక చాలాసేపు చూశాడు. "అక్క చేసినట్టు," అన్నాడు.

గుమ్మంలో సుజాత ఆగిపోయింది. తను ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి మామగారి నోట ఆ మాట వినలేదని తర్వాత నాతో చెప్పింది. నేనూ నా పెళ్లికి ముందు విన్నదే.

ఆ అక్క మా పెద్దత్త, లచ్చవ్వ. నాయినకంటే పెద్దది. పెళ్లయిన కొన్నాళ్లకే మామ పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. నేను పుట్టేసరికే ఆమె మా ఇంట్లో ఒక స్తంభం లాగా ఉంది. అప్పట్లో ఈ భవాని పేట్ ఇల్లంటే ముందు మగ్గాల షెడ్డు, వెనక వాకిలి, వాకిలికి అవతల మేముండే రెండు గదులు. కరెంటు మగ్గాల చప్పుడులోనే మేం నిద్రపోయేవాళ్లం, కరెంటు పోయి అవి ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్లం. నూలుకు పెట్టిన గంజి వాసన, మగ్గాలకు వేసే నూనె వాసన, రంగు వేసిన నూలు ఆరుతున్నప్పుడు ముక్కుకు తగిలే ఒక పుల్లటి ఘాటు, ఇవన్నీ కలిసి మా బట్టల్లో, పుస్తకాల్లో, ఆఖరికి అన్నంలో కూడా ఉండేవి. ఎండాకాలం వస్తే షెడ్డు మీది రేకులు పెనంలాగా కాలేవి. లోపల చద్దర్లు నేసేవాళ్ల చెమటకు నూలు దూది అంటుకుని కనుబొమలు, మీసాలు తెల్లబడేవి. మధ్యాహ్నానికి పడుచువాళ్లు కూడా ముసలివాళ్లలా కనిపించేవారు. గొంతులో ఆ దూదే. ఎన్ని నీళ్లు తాగినా పోదు. దానికి పెద్దత్త సల్లే మందు.

సాయంత్రం గవళీ తెచ్చిన బర్రెపాలు ఆమె బొగ్గుల కుంపటి మీద తొందర లేకుండా కాచేది. మీగడ గోధుమరంగుకు తిరిగేదాకా దించేది కాదు. తెల్లవారి మగ్గాలు మొదలవకముందే వాకిట్లో గుంజకు కట్టిన తాడుతో కవ్వం తిప్పేది. మగ్గాల మోతకు ముందు ఆ ఇంట్లో వినిపించే మొదటి చప్పుడు అదే. వెన్న తీసి అమ్మ చేతికిచ్చేసేది. ఆ తర్వాత అసలు పని. వేయించిన జీలకర్ర, పచ్చిమిర్చి, కల్యామాకు, ఇంకా ఏవేవో రోట్లో దంచేది. ఒక నిప్పుకణికను ఇనుప గరిటెలో పెట్టి, దానిమీద ఇంగువ, కాస్త నెయ్యి వేసి, కడిగి ఆరబెట్టిన కుండను దానిమీద బోర్లించేది. లోపల పొగ సుడులు తిరిగేది. కుండను చటుక్కున ఎత్తి, ఆ పొగ పోకముందే సల్ల పోసి మూతపెట్టేది. తడిగోనె చుట్టి, వాకిలి మూల ఇసుకలో దిగేసేది. ఎండ అవతలి గోడ ఎక్కే వేళకు మూత తీసి, గరిటెతో దానిమీద కొట్టేది. ఆ టంగుటంగు మగ్గాల మోతలో ఎలా వినిపించేదో తెలియదు గానీ అందరికీ వినిపించేది. మగ్గాలు ఒకటొకటిగా ఆగేవి. ఒక్కసారిగా వాకిట్లో పిచ్చుకల అరుపు కూడా వినబడేంత నిశ్శబ్దం. అందరూ వచ్చి నీడన కూర్చునేవాళ్లు.

పోయడంలో ఆమెకొక పద్ధతి ఉంది. ఎడమచెయ్యి నడుముమీద, కుడిచేత్తో చెంబు పైకెత్తి పోసేది. ప్రతివాళ్ల మొహం చూసి పోసేది. "ఆగాగి తాగురా, ఎవలు గుంజుకపోతరు?" అని కసిరేది. నూలు కండెలు చుట్టే బాలమణి కడుపుతో ఉన్నన్నాళ్లూ మొదటి గ్లాసు ఆమెదే. నాయినకు, పనివాళ్లకు, మాకు, పని మీద వచ్చిన సేఠ్‌కు, దారినపోతూ లోపలికి తొంగిచూసిన వాళ్లకు, అందరికీ ఆ కుండలోదే. ఇంకో కుండ ఉండవచ్చన్న ఆలోచనే మా ఎవరికీ లేదు.

ఇంకో కుండ ఆలోచన ఎవరికి మొదట వచ్చిందో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. అమ్మ పోయేదాకా అది నాయిన మాటే అంది. నాయిన ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ ఏడు నాయిన పక్కిల్లు కూడా తీసుకుని మగ్గాలు పెంచాడు. పనివాళ్లు పెరిగారు. పాలు సరిపోవడం లేదు. ఇంటివాళ్లకు, వచ్చే సేఠ్‌లకు చిక్కగా మసాలా వేసి ఒక కుండ, పనివాళ్లకు నీళ్లు ఎక్కువ పోసి ఉప్పేసి ఇంకో కుండ చెయ్యమని పెద్దత్తకు చెప్పారు. మర్నాడు అలాగే చేసింది. మూత చప్పుడు కూడా మామూలుగానే వినిపించింది. బాలమణి గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, ఎగతాళి ఏమీ లేకుండా, నిజంగానే కనుక్కుంటున్నట్టు అడిగింది. "ఏంది లచ్చవ్వక్కా, ఇయాల పెరుగు తోడుకోలేదా?"

పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి పెద్దత్త మెడ, చెవులు ఎర్రబడడం చూశాను. ఆ సాయంత్రం ఆమె అన్నం తినలేదు. మర్నాడు రెండు కుండలూ ఒకదాంట్లోకి వంచేసింది.

ఆ రోజే నూలు సేఠ్ వచ్చాడు. నాయిన ఆయన్ని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. సేఠ్ గ్లాసులో సగం తాగి కిందపెట్టి, మరాఠీలో నవ్వుతూ, ఈసారి నీళ్లు బాగా పడినట్టున్నాయి మీ బావిలో, అన్నాడు. నాయిన మొహం మాడిపోయింది. సేఠ్ వెళ్లేదాకా ఆగలేదు. అందరిముందే లేచి వాకిలి మూలకు వచ్చాడు.

"ఏం జెప్పిన అక్కా నీకు? ఒక్కసారి జెప్తే సమజ్ గాదా?"

"సమజ్ అయ్యింది. చేతనైతలేదు," అంది పెద్దత్త.

"ఎందుకు గాదు? ఇది ఎవలిల్లు? ఎవలి కార్ఖానా?"

"ఇల్లు నీదే తమ్మీ. కార్ఖానా నీదే. చెయ్యి నాది." చెంబు కుండమీద బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది. మగ్గాలు మళ్లీ మొదలయ్యేసరికి ఆమె రేకుపెట్టె గడప దగ్గర ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలింది. నాయిన షెడ్డులోకి వెళ్లి, బాగానే ఉన్న మగ్గం దగ్గర నిలబడి, దాంట్లో ఏదో పాడైనట్టు చూస్తూ ఉండిపోయాడు. బయటికి రాలేదు. ఆమె బీడీలు చుట్టే ఒక స్నేహితురాలింటికి వెళ్లిపోయింది. తర్వాత తనూ బీడీలు చుట్టింది. ఆ పనివాళ్ల కోసం ఊరి చివర విడీ ఘర్కుల్ అనే కాలనీ కట్టినప్పుడు ఆమెకూ అక్కడొక చిన్న ఇల్లు వచ్చింది.

అంతే. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. మజ్జిగ పలచనైందని మొదలైన మాట, ఇద్దరు తోబుట్టువుల మధ్య ఇన్నేళ్లు గోడలా నిలబడింది. నా పెళ్లికి పెద్దత్త వచ్చింది, అక్షింతలు వేసింది, నాయిన ఉన్న వైపు రాలేదు. అమ్మ పోయినప్పుడు వచ్చి తల దగ్గర కూర్చుని ఏడ్చింది, మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లింది. నాయిన ఆమె గురించి అడిగేవాడు కాదు, ఎవరైనా చెప్తుంటే లేచి వెళ్లేవాడూ కాదు. ఆమె వెళ్లాక ఒకటి రెండేళ్లు అమ్మ సల్ల చేసింది. పనివాళ్లు మర్యాదకు తాగేవాళ్లు. తర్వాత ఎవరో ఐసు ముక్కలు వేసిన నీళ్ల డ్రమ్ము పెట్టారు. కుండ ఏమైందో తెలియదు. ఇప్పుడు మగ్గాలే లేవు. పేట్‌లో చాలా షెడ్లు మూతపడ్డాయి, మాది కూడా. తమ్ముడు దాన్ని ఎవరికో గోదాముగా అద్దెకిచ్చాడు. అప్పుడు మూతమీద గరిటెతో కొడితే గానీ రాని నిశ్శబ్దం ఇప్పుడు రోజంతా ఉచితంగా దొరుకుతోంది, దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలియడం లేదు.

సరే, నాయిన అక్క చేసినట్టు కావాలన్నాడు. నేను విడీ ఘర్కుల్‌కు షేర్ రిక్షా ఎక్కాను. అక్కడ వరసలు వరసలుగా ఒకేలాంటి ఇళ్లు, గుమ్మాల్లో ఒళ్లో చేటలు పెట్టుకుని మాట్లాడుకుంటూ బీడీలు చుట్టే ఆడవాళ్లు. పెద్దత్త చుట్టడం మానేసి చాలా కాలమైంది. కళ్లు సరిగా కనపడవు. కానీ గడపలో కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు మాత్రం ఖాళీగాలిని చుడుతూనే ఉంటాయి. నాకే తాగాలనిపించిందని అబద్ధం చెప్పి అడిగాను.

"సల్లల ఏమేమి ఏస్తుంటివత్తా?"

"ఎల్లిపాయ, పచ్చిమిర్చి. ఇంకేముంటది?"

వెల్లుల్లి వేసి చేశాను. నాయిన వాసనకే మొహం తిప్పుకున్నాడు. రెండు రోజులాగి మళ్లీ వెళ్లాను.

"ఎల్లిపాయనా? సల్లల ఎల్లిపాయ ఎవలేస్తరే? ఎవలు జెప్పిన్రు నీకు?"

"నువ్వే చెప్పినవత్తా!"

"నకో బిడ్డా, నేను జెప్పలే. అల్లం, ధనాలు దంచి ఏసేది."

అలాగే చేశాను. ఇది గాదన్నాడు. మూడోసారి వెళ్తే, అల్లం గొంతు మండిస్తుందనీ, ఓమ తప్ప ఇంకేదీ వేసేదాన్ని కాదనీ చెప్పింది. ఆమె నిజంగా మరచిపోయిందా, నాతో ఆడుకుంటోందా? మొహం చూస్తే ఏమీ తెలిసేది కాదు. పొగ సంగతి అడిగితే, "ఏం పొగ?" అంది. నా కళ్లతో చూసిన పొగ, ఇప్పటికీ తలుచుకుంటే ముక్కుకు తగిలే పొగ, లేదంటోంది. తిరుగు ప్రయాణంలో రిక్షాలో నాలో నేనే గొణుక్కుంటుంటే, పక్కనున్నావిడ నాకేదో అయిందనుకుని కాస్త జరిగి కూర్చుంది.

నాలుగోసారి ఓపిక పోయింది. "నాకు గాదత్తా, నాయినకు. అన్నం తింటలేడు. నీ సల్ల కావాల్నంటున్నడు," అని చెప్పేశాను.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "ఎప్పటిసంది తింటలేడు?"

"హోలీ అయిపోయినప్పటి నుంచి."

"నాకెందుకు జెప్పలే?"

ఆమె గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. గిన్నెలో పెరుగు వేసి, అరచేతుల మధ్య చిన్న కవ్వం తిప్పింది. నన్ను ముట్టనివ్వలేదు. డబ్బాలు తడుముకుంటూ, వాసన చూసుకుంటూ ఏమేం వేస్తోందో పైకి చెప్పకుండా వేసింది. గరిటెలో నిప్పు పెట్టి పొగ కూడా పట్టించింది. అడిగినప్పుడు లేదన్న పొగ! థర్మోస్ ఫ్లాస్కులో పోయించుకుని, ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు ఎండలో వచ్చాను. ఇంటికొచ్చి గ్లాసులో పోసి నాయిన తల ఎత్తి తాగించాను. ఆ వాసనకు నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒక గుక్క మింగాడు. "ఇది అక్కది గాదు," అన్నాడు.

"నాయినా! అత్తనే చేసింది. నా కండ్ల ముందట చేసింది. ఇప్పుడే అక్కడి నుంచి వస్తున్న!"

"మీరంత కలిసి నన్ను బనాయిస్తున్నరు." గోడవైపు తిరిగిపోయాడు.

నేను వాకిట్లోకి వచ్చి, ఆ ఎండలోనే, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను. సుజాత వచ్చి, వదినా, మీరైనా తాగండి అని గ్లాసు అందించింది. తాగలేదు. అంత కోపంలో అది గొంతు దిగదు.

మర్నాడు పెద్దత్త దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమెకూ కోపం వచ్చింది. "వాని నాలుక వొయ్యింది. నా చెయ్యి వోలే," అంది.

"అట్లనే పోయి ఆయనకే చెప్పు," అన్నాను. "నాకెందుకు చెప్తరు? ఆయన నీ మాట నాకు చెప్తడు, నువ్వు ఆయన మాట నాకు చెప్తవు. మీ ఇద్దరి నడుమ ఫ్లాస్కు పట్టుకొని తిరిగే పోరినా నేను? అరవై దాటినయి నాకు. నా మోకాళ్లు కూడా నొస్తయి. నా వల్ల గాదు ఇగ."

గొంతు పెరిగినట్టుంది. పక్క గుమ్మాల్లో బీడీలు చుట్టేవాళ్లు చేతులు ఆపి నా వైపు చూశారు. పెద్దత్త చెప్పుల కోసం కాలితో తడుముకోవడం మొదలుపెట్టింది.

"రిక్షా పిలువు," అంది. "నా మొఖం జూసి గాదనుమను. జూస్త."

లోపలికి వెళ్లి మళ్లీ చేసింది. ఫ్లాస్కు నా చేతికివ్వలేదు. ప్లాస్టిక్ సామాన్ల మీద నమ్మకం లేదని స్టీలు డబ్బాలో పోసుకుని కొంగులో కట్టుకుని కూర్చుంది. సగం దారిలో రిక్షా ఒక గుంతలో పడి లేచింది. మూత ఊడి, డబ్బాలో ఉన్నదంతా ఆమె చీర మీద, నా కాళ్ల మీద, రిక్షా లోపలంతా పారింది. డ్రైవర్ మరాఠీలో మొత్తుకున్నాడు. ఆమె ఖాళీ డబ్బా వంక చూసి, "ఉగాచ్, ఉత్తగనే నా పానం తీస్తున్నవ్ సరోజా," అంది, గుంత నేనే తవ్వినట్టు.

భవాని పేట్‌లో దిగి, ఆమె ఆ గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. షెడ్డు తలుపుకు వేసిన పెద్ద తాళాన్ని చేత్తో తడిమి చూసింది. లోపలికి వచ్చి నాయిన మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. నాయిన ఇటు తిరిగి ఆమెను చూశాడు. కళ్లు మూసి తెరిచి మళ్లీ చూశాడు. నేను, సుజాత గుమ్మంలోనే నిలబడ్డాం. చివరికి పెద్దత్త నావైపు తిరిగింది.

"మీ నాయినకు జెప్పు, బక్కగైండని."

నాయినా నావైపే చూశాడు. "మీ అత్తకు జెప్పు, చీర తడిసిందని. మార్చుకొమ్మను."

నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లు ఈ ఊరి ఎండలో తిరిగింది చాలక, ఇప్పుడు మూరెడు దూరంలో కూర్చున్నవాళ్ల మధ్య కూడా నేనే తిరగాలా? మీరే చెప్పుకోండని గట్టిగా అని వంటగదిలోకి పోయాను. సల్ల ఎలాగూ ఒలికిపోయింది కాబట్టి మళ్లీ చెయ్యాలి. పెరుగు గిన్నెలో వేసుకుని కవ్వం అందుకున్నానో లేదో, పెద్దత్త అక్కడి నుంచే కేకేసింది. "ముందుగాల అల్లం దంచు!"

దానికి వెంటనే నాయిన గొంతు. నీరసంగానే, కానీ కచ్చితంగా. "అల్లం ఎప్పుడేసినవక్కా నువ్వు? ఎన్నడన్న ఏసినవా?"

"ఏసిన! నీకేమెరుక? ఎన్నడన్న కుండ దిక్కు వచ్చినవా? మూత కొడ్తే వచ్చి తాగినోనివి."

"తాగినోనికి ఎరుకుండదా? జీలకర్ర, మెంతులు."

"మెంతులా! ఇంటున్నవా సరోజా? మెంతులంట! సల్లల మెంతులు ఏస్తారే ఎవలన్న?"

"ఏస్తుంటివి. నీకే యాది లేదు."

"నాకు యాది లేదా? నాకా?"

కవ్వం చేతిలో పట్టుకుని నేనలాగే నిలబడిపోయాను. సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవతల గదిలో వాళ్లు మెంతుల దగ్గర్నుంచి కుండకు చుట్టిన గోనె దగ్గరికి, అక్కడి నుంచి గవళీ పేరు దగ్గరికి, బాలమణికి పుట్టింది ఆడపిల్లా మొగపిల్లాడా అన్న దగ్గరికి వెళ్లారు. ఏ ఒక్కదాంట్లోనూ ఇద్దరికీ కుదరలేదు. ఎవరు ఏది చెప్పినా రెండోవాళ్లు కాదనేవారు. ఆ కాదనడంలో ఎవరికీ అలుపు రాలేదు. నాకు మాత్రం లోపల ఏదో మండింది. సంతోషమని రాయాలని ఉంది, కానీ అబద్ధమవుతుంది. అది కోపమే. ఒక రిక్షా దూరం. ఇన్నేళ్లుగా ఒక్క రిక్షా దూరం. మా అమ్మ వీళ్లిద్దరి మధ్య నలిగి నలిగి, ఆ తప్పు తనది కాదని చెప్పుకుంటూనే పోయింది. ఇలా అరుచుకోవడానికి ఎన్ని ఎండాకాలాలు ఉన్నాయి, అన్నీ ఏమైపోయాయి? ఇప్పుడు ఒకరికి కళ్లు లేవు, ఒకరికి కాళ్లు లేవు, వాదించుకుంటున్న కుండ కూడా లేదు.

అల్లమూ వేశాను, మెంతులూ వేశాను. ఎవరిదీ కాదనకుండా రెండు గ్లాసులు తీసుకెళ్లి ఇద్దరి చేతుల్లో పెట్టాను. ఇద్దరూ ఒకేసారి తాగారు, ఒకేసారి మొహాలు చిట్లించారు.

"ఉప్పు," అంది పెద్దత్త.

"ఉప్పే," అన్నాడు నాయిన. ఆ రోజు వాళ్లకు కుదిరింది అదొక్కటే. అంటూనే నాయిన ఇంకో గుక్క తాగాడు. మరో గుక్క కూడా. గ్లాసు సగం అయింది.

ఎండ తగ్గాక పెద్దత్త వెళ్తానని లేచింది. నాయిన ఆమె కొంగు అంచు పట్టుకున్నాడు. బలంగా కాదు, రెండు వేళ్లతో.

"రేపు వస్త తియ్," అందామె.

"రేపు సరే. ఇన్నొద్దులు?"

"నువ్వు పిలిస్తివా?" ఆమె గొంతు మొదటిసారి జీరబోయింది. "ఒక్కనాడన్న అక్కా రా అని పిలిస్తివా తమ్మీ?"

"పిలుస్తనే ఉన్న గదా," అన్నాడు నాయిన. "హోలీ కాంచి సల్ల సల్ల అని ఒర్రుతున్న. ఏమనుకున్నరు మరి? ఈ పోరికే సమజ్ గాలే." అని నావైపు చూపించాడు. పెద్దత్త కూడా నావైపు తిరిగి, నిజమే, ఇంత చదువుకున్నదానికి ఆ మాత్రం తెలియలేదా అన్నట్టు తలూపింది.

ఆ వెల్లుల్లి, ఆ ధనియాలు, ఆ ఓమ, ఎండలో ఆ రిక్షాలు, ఆ ఫ్లాస్కు అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి. చేతిలోని ఖాళీ గ్లాసు నేలకేసి కొట్టాలనిపించింది. నేనేమన్నా విని ఊరుకునే రకాలు కాదు ఇద్దరూ. అందుకే ఏమీ అనకుండా వంటగదిలోకి పోయాను. గిన్నెలో కొంచెం మిగిలి ఉంది. అన్ని రోజుల్లో మొదటిసారి నేనూ గ్లాసులో వంచుకుని తాగాను.

నిజంగానే ఉప్పెక్కువైంది.